సరిహద్దు దాకా వెళ్తేనే సైనికుడి కథ తెలుస్తుందా?

ఉస్మానియాలో జర్నలిజం చదువుతున్న ఒక విద్యార్థి నన్ను అడిగిన ప్రశ్న ఇది: "యుద్ధం జరిగే చోటికి స్వయంగా వెళ్లిన విలేకరికి యువ సైనికుల అనుభవం నిజంగా తెలుస్తుందా? హైదరాబాద్‌లో కూర్చుని దాని గురించి రాసే అర్హత మనకు ఉంటుందా?"

వెళ్లాలి, వెళ్లేవాళ్లు ఉండాలి. అయితే అక్కడ తెలిసేది సగమే. మిగతా సగం ఆ కుర్రవాడు ఇంటికి తిరిగివచ్చిన తర్వాత, తన భాషలో, తొందరపెట్టని మనిషి దొరికినప్పుడు మాత్రమే బయటికి వస్తుంది. ఆ రెండో సగాన్ని సేకరించే పని మన తెలుగు పత్రికలు దాదాపుగా చేయడం లేదు. హైదరాబాద్‌లో ఉండి చేయగలిగిన పని, చేయవలసిన పని అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు నేను ఈ నగరంలోని ఒక తెలుగు దినపత్రికలో రాత్రి డెస్కులో ఉపసంపాదకుణ్ణి. తర్వాతి కాలంలో రక్షణ వ్యవహారాలు రాసే అవకాశం వచ్చింది. రక్షణ శాఖ పాత్రికేయుల కోసం నడిపే డిఫెన్స్ కరస్పాండెంట్స్ కోర్సు చేశాను, సైన్యం తీసుకువెళ్లిన బృందాలతో నియంత్రణ రేఖ సమీపంలోని పోస్టులు చూశాను. కాల్పుల మధ్య నిలబడి వార్త పంపినవాణ్ణి మాత్రం కాను. ఆ పని చేసినవారి గురించి రాసేటప్పుడు ఈ తేడాను మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

విలేకరి యుద్ధభూమికి ఎలా చేరుకుంటాడన్నది ముందు తెలియాలి, ఎందుకంటే అతను ఏం చూస్తాడో చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది. వియత్నాంలో అమెరికా సైన్యం విలేకరులను తన హెలికాప్టర్లలోనే ఎక్కించుకుని దాదాపు వారు కోరిన చోటికల్లా తీసుకువెళ్లింది. ఆ వార్తలూ చిత్రాలూ దేశంలో ప్రజాభిప్రాయాన్ని మార్చాయన్న భావన సైన్యంలో బలపడటంతో, 1991 గల్ఫ్ యుద్ధానికి వచ్చేసరికి ఎంపిక చేసిన కొద్దిమందిని సైనికాధికారుల వెంట తిప్పి, వారు రాసినదాన్నే మిగతా అందరూ పంచుకునే పద్ధతి వచ్చింది. 2003లో ఇరాక్ మీద దాడి సమయంలో వందల సంఖ్యలో విలేకరులను నేరుగా సైనిక దళాలతోనే ఉంచారు. సైన్యం పెట్టిన అన్నం తిని, సైన్యం కాపలాలో నిద్రపోయి, ప్రాణం నిలిచిందంటే వారి పుణ్యమేనని తెలిసిన మనిషి వారి గురించి రాసేటప్పుడు ఎంత నిజాయితీపరుడైనా కొంత మెత్తబడతాడు. అది మనిషి స్వభావం, దాన్ని తప్పుపట్టలేం. చదివేవాడికి మాత్రం ఆ సంగతి తెలిసి ఉండాలి. మన దేశంలో టీవీ కెమెరాలు దగ్గరినుంచి చూపించిన మొదటి యుద్ధం 1999 నాటి కార్గిల్. అక్కడికి వెళ్లిన విలేకరుల ధైర్యం వల్లనే తోలోలింగ్, టైగర్ హిల్ అన్న పేర్లు మన పల్లెల దాకా వచ్చాయి. ఆ మేలు మరచిపోకూడదు.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను. ఉత్తర కశ్మీర్‌లోని ఒక పోస్టులో మా బృందాన్ని జవాన్ల ముందు నిలబెట్టారు. కంపెనీ కమాండర్ పక్కనే ఉన్నారు. ఢిల్లీ విలేకరి ఒకరు హిందీలో "ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగితే, వరసలో ఉన్న ప్రతి కుర్రవాడూ ఒకే జవాబు చెప్పాడు: "కోయీ దిక్కత్ నహీ, సాబ్." తర్వాత టీ ఇస్తున్నప్పుడు మా ఫొటోగ్రాఫరూ నేనూ తెలుగులో మాట్లాడుకోవడం విని, ఇరవై ఒకటి రెండేళ్ల జవాను ఒకడు దగ్గరికి వచ్చాడు. "సార్, మీది హైదరాబాదా అండి? మాది శ్రీకాకుళం సైడండి." చలికి అతని వేళ్ల కణుపులు పగిలి ఉన్నాయి, కుడిచేతి చూపుడువేలి దగ్గర ఉన్ని గ్లౌజు అరిగి దారాలు లేచింది. షెల్లింగ్ అంటే భయమా అని అడిగాను. అది కాదన్నాడు. రాత్రి కాపలాలో మంచు కురుస్తూ ఎదురుగా ఏమీ కనిపించనప్పుడు కళ్లు మూతలు పడతాయని, తన వంతులో తాను నిద్రపోతే బంకరులో ఉన్నవాళ్లంతా పోతారన్న తలపే తనను వణికిస్తుందని చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "అమ్మకి నేను లంగర్లో ఉన్నాననే చెప్పానండి. వంట పనంటే ఆవిడ నిద్రపోతాదండి." అందుకే అతని పేరు గానీ ఊరు గానీ పత్రికలో రాయలేదు. ఆ పది నిమిషాల్లో నాకు తెలిసినది, అంతకు ముందు రోజంతా చూపించిన ఆయుధాలూ మ్యాపులూ చెప్పినదానికంటే ఎక్కువ. ఆ మాటలు బయటికి రావడానికి కారణం మా భాష ఒక్కటే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఎర్నీ పైల్ అనే అమెరికన్ విలేకరి తాను కలిసిన మామూలు సిపాయిల పేర్లూ ఊర్లూ, కొన్నిసార్లు వీధి పేరుతో సహా రాసేవాడు. సేనాపతుల వ్యూహాల కంటే ఆ కుర్రవాళ్లు గుంటల్లో ఎలా పడుకుంటున్నారు, ఏం తింటున్నారు అన్నదే అతనికి ముఖ్యం. 1945 ఏప్రిల్ 18న ఒకినావా దగ్గరి చిన్న దీవిలో జపాన్ మెషిన్‌గన్ కాల్పుల్లో చనిపోయాడు. అతని పద్ధతి ఇప్పటికీ అనుసరించదగినదే, కానీ ఈ కాలంలో పేరు రాయడం వల్ల ఆ జవానుకో అతని తల్లికో కష్టం వస్తుందా అన్నది ముందు ఆలోచించాలి.

మల్కాజ్‌గిరిలో స్థిరపడిన ఒక మాజీ గన్నర్ నాకు కార్గిల్ గురించి చెప్పిన సంగతులు దీనికి మరో వైపు. టీవీలో ఆ యుద్ధమంటే రాత్రిపూట నిప్పులు కక్కే బోఫోర్స్ ఫిరంగి. ఆ ఫిరంగి దగ్గర ఉన్న కుర్రవాళ్లలో ఆయన ఒకరు. 155 ఎం.ఎం. షెల్లు ఒక్కొక్కటి సుమారు 43 కిలోలు ఉంటుంది. పదివేల అడుగులకు పైన ఉన్న ద్రాస్‌లో, ఊపిరి సరిగా అందని గాలిలో, వాటిని లారీ నుంచి దించి మోయడమే ఆయనకు గుర్తున్న యుద్ధం. మాట్లాడుతూ లేచి నిలబడి, షెల్లును పొట్టకు ఆనించుకుని నడుము వంచకుండా ఎలా నడవాలో చేతులతో చూపించారు. ఎడమ చెవి దాదాపు వినపడదు కాబట్టి కుర్చీని తిప్పుకుని కుడిచెవి నా వైపు పెట్టుకుని కూర్చున్నారు. "మాకు కనవడేది మా గన్ను, ముంగట గుట్ట, అంతే సార్. షెల్లు ఏడ పడ్డదో, ఎవలు పోయిన్రో మాకేం తెలుస్తది? రేడియోల ఆఫీసర్ సాబ్‌కు చెప్పేటోళ్లు." పైకెక్కి పోరాడుతున్న పదాతి దళానికి తమ షెల్లు తగలకూడదన్న భయం ఆయనను ఇరవై ఏళ్ల తర్వాత కూడా వదల్లేదు. యుద్ధం ముగిసి సెలవు మీద వచ్చినప్పుడు బస్సులో, కల్లు దుకాణం దగ్గర, పెళ్లిళ్లలో అందరూ "టైగర్ హిల్ ఎక్కినవా?" అని అడిగేవారట. కొన్నాళ్లు విడమరిచి చెప్పారట. తర్వాత విసిగిపోయి "ఎక్కిన" అనడం మొదలుపెట్టారట. జనం టీవీలో చూసిన యుద్ధం ఆయన చేసిన యుద్ధాన్ని తుడిచిపెట్టింది. దీన్ని నేను చాలా పెద్ద నష్టంగా భావిస్తాను.

ఇదే నగరంలో చదువుకున్న మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్‌లో 1999 జూన్ 28న వీరమరణం పొందారు, మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆయన వయసు ముప్పై. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో పోరాటం గురించి ధైర్యం చెబుతూనే, గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజూ మహాభారతంలోని ఒక కథ చెప్పమని కోరారు. ఏ కెమెరా కూడా ఆయన మనసును అంత దగ్గరగా చూపించలేకపోయేది. ఇలాంటి ఉత్తరాలు మన ఊళ్లలో ఎన్ని ట్రంకు పెట్టెల్లో ఉన్నాయో అడిగినవాళ్లు తక్కువ.

అసలు విలేకరి అన్నవాడే లేని పోరాటాలు కూడా ఉన్నాయి. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబుతో సహా ఇరవై మంది భారత సైనికులు మరణించారు. తుపాకులు పేలని ఆ పోరులో రాళ్లు, ఇనుప మేకులు బిగించిన కర్రలు ఆయుధాలయ్యాయి. ఆ రాత్రి అక్కడ ఒక్క విలేకరి కూడా లేడు. బతికివచ్చినవారు చెబితేనే దాని గురించి ఏమైనా తెలుస్తుంది. మన చానళ్లు అంత్యక్రియల దాకా సూర్యాపేటలో ఉండి వెళ్లిపోయాయి.

యువ సైనికులు అనగానే పంతొమ్మిదేళ్లవాళ్లని అనుకోవడం పరిపాటి. వియత్నాంలో అమెరికన్ సిపాయి సగటు వయసు పంతొమ్మిదని తరచూ రాస్తారు, అది నిజం కాదు, ఇరవై రెండుకు దగ్గర. ఉక్రెయిన్‌లో నిర్బంధంగా సైన్యంలోకి తీసుకునే కనీస వయసును 2024 ఏప్రిల్‌లో 27 నుంచి 25కు తగ్గించారు, అక్కడ కందకాల్లో నలభై దాటినవాళ్లు చాలామంది. సిపాయిలను నాలుగేళ్లకు చేర్చుకునే మన అగ్నిపథ్ పథకంలో మాత్రం పదిహేడున్నర ఏళ్లకే చేరవచ్చు. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరికే సైన్యంలో కొనసాగే అవకాశం. గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందుతున్న కుర్రవాడి మనసులో శత్రువు ఒక్కడే ఉండడు, నాలుగేళ్ల తర్వాతి జీవితం కూడా ఉంటుంది. ఈ రెండో సంగతిని ఏ యుద్ధభూమి విలేకరీ రాయడు.

డ్రోన్లు వచ్చాక ముందువరసకు చేరడమే కష్టమైపోయింది. ఉక్రెయిన్‌లో కందకాలకు ఎన్నో కిలోమీటర్ల వెనక కూడా కదిలే ప్రతి వాహనమూ పైనుంచి కనిపిస్తుంది. గాయపడినవాణ్ణి వెంటనే తరలించలేక రాత్రి దాకా ఆగవలసి వస్తోంది. 2025 అక్టోబరులో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆంతొనీ లాలికాన్ తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్బాస్‌లో డ్రోన్ దాడిలోనే మరణించాడు. మన ఫొటో జర్నలిస్టు దానిశ్ సిద్దికీ 2021 జూలై 16న అఫ్గాన్ కమాండోలతో కలిసి పాకిస్తాన్ సరిహద్దులోని స్పిన్ బొల్దాక్ పట్టణానికి వెళ్లి ప్రాణాలు కోల్పోయారు. మరణానికి మూడు రోజుల ముందు, దాదాపు పదిహేను గంటల వరస ఆపరేషన్ల మధ్య పదిహేను నిమిషాల విరామం దొరికిందని రాస్తూ, గడ్డిమీద పడుకున్న ఫొటో పెట్టారు. బతికినవాళ్లు కూడా దెబ్బతినకుండా ఉండరు. మనోవైద్యుడు ఆంథొనీ ఫైన్‌స్టీన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, యుద్ధ విలేకరుల్లో నలుగురిలో ఒకరికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీకి, అంటే భయానక అనుభవాల తర్వాత వెంటాడే మానసిక వ్యాధికి గురయ్యారని తేలింది.

మరోవైపు, స్టూడియోలో కూర్చుని యుద్ధం నడిపినవాళ్లనూ చూశాం. భారత్, పాకిస్తాన్‌ల మధ్య పోరు సాగుతున్న 2025 మే 8 రాత్రి కొన్ని చానళ్లు కరాచీ రేవు ధ్వంసమైందని, పాకిస్తాన్ నగరాలు మన వశమయ్యాయని చెప్పాయి. ఏదీ నిజం కాదు. ఆ రాత్రి గడిచేలోగానే శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ షెల్లింగ్‌లో చనిపోయారు. కొడుకులు సరిహద్దులో ఉన్న తల్లిదండ్రులు అదే టీవీ ముందు తెల్లవార్లూ కూర్చున్నారన్న స్పృహ ఆ యాంకర్లకు లేకపోవడం నన్ను ఇప్పటికీ మండిస్తుంది.

సైనికులమవుతామని అనుకోనైనా అనుకోకుండా యుద్ధంలోకి వెళ్లిన మన కుర్రవాళ్లు కూడా ఉన్నారు. రష్యాలో సహాయకుల ఉద్యోగాలని ఏజెంట్లు చెప్పిన మాటలు నమ్మి వెళ్లినవారిని ఉక్రెయిన్ యుద్ధానికి పంపారు. హైదరాబాద్ యువకుడు ఒకరు అక్కడే చనిపోయినట్టు 2024 మార్చిలో మన రాయబార కార్యాలయం నిర్ధారించింది. అదే నెలలో సీబీఐ కేసు పెట్టింది, తర్వాత కొందరు తిరిగివచ్చారు. ఏ భాష రాని చోట, ఎవరి యుద్ధమో తెలియకుండా కందకం తవ్విన మనిషి ఈ నగరంలోనే మనతోపాటు బస్సెక్కుతున్నాడు. ఆ కథ రాయడానికి దోన్బాస్ దాకా పోనక్కరలేదు.

కాబట్టి మీరు చేయగలిగినది చెబుతాను. డిఫెన్స్ కరస్పాండెంట్స్ కోర్సుకు పత్రిక ద్వారానే వెళ్లాలి, ఉద్యోగంలో చేరాక ఎడిటర్‌ను అడగండి. ఈలోగా మల్కాజ్‌గిరి, సైనిక్‌పురి, బొల్లారం వైపు వెళ్లండి. మాజీ సైనికుల సంఘాల వాళ్లను, సైనిక సంక్షేమ కార్యాలయానికి పింఛను పని మీద వచ్చేవాళ్లను పలకరించండి. మొదటిసారి వెళ్లినప్పుడు రికార్డరు బయటికి తీయకండి. ఎంతమందిని చంపారని ఎప్పుడూ అడగకండి. రోజూ ఏం తిన్నారు, ఏం మోశారు, ఎప్పుడు నిద్రపోయారు, ఇంటికి ఏమని చెప్పారు అని అడగండి. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాడైతే అతని యూనిట్, పోస్టు వివరాలు రాసుకోకండి, అతను నోరుజారి చెప్పినా సరే. రాసినది అచ్చు వేసే ముందు అతనికి చదివి వినిపించండి. ఏడాది తర్వాత మళ్లీ వెళ్లండి, అప్పుడు చెప్పే సంగతులు వేరుగా ఉంటాయి. అవి కూడా రాయండి.