సందేహాలు – సమాధానాలు: పాత గనుల గురించి రాసేటప్పుడు

సందేహం: మూతబడిన ఒక లోహపు గని చరిత్రను తెలుగులో నమోదు చేస్తున్నాం. షాఫ్ట్, ఆడిట్, స్లాగ్, టెయిలింగ్స్ వంటి మాటలకు ఏం రాయాలి? షాఫ్ట్‌ను బావి అనవచ్చా? ‘లోహ గనుల పునరుద్ధరణ’ అనే శీర్షిక సరైనదేనా?

సమాధానం: ముందు మార్చవలసింది శీర్షికే. ‘గని’ అనేది ‘ఖని’కి తద్భవం. ‘లోహ’ అనే సంస్కృత రూపాన్ని నేరుగా దాని ముందు పెడితే వైరి సమాసమవుతుంది, అంటే వ్యాకరణం ఒప్పుకోని కలయిక. ‘లోహపు గని’ అంటే ఆ ఇబ్బంది ఉండదు, చెవికీ ఇంపుగా ఉంటుంది. ‘గని కార్మికులు’లో తెలుగు మాట ముందుంది కాబట్టి ఆక్షేపణ లేదు.

అసలు చిక్కు ‘పునరుద్ధరణ’తో. గని పునరుద్ధరణ అనగానే మళ్లీ తవ్వకాలు మొదలవుతాయనే చదివేవాళ్లకు తోస్తుంది. మీరు చేసేది ఉన్నదాన్ని చెడిపోకుండా కాపాడడం కనుక ‘పరిరక్షణ’ అనండి. కూలిన ఇంజను గది గోడను దాని రాళ్లతోనే తిరిగి నిలబెడితే ఆ ఒక్క పనిని పునరుద్ధరణ అనవచ్చు. కొత్త సామగ్రితో కడితే అది పునర్నిర్మాణం. ఈ తేడా రాయకపోతే రేపు చూసేవాళ్లు కొత్త గోడను పాతదనుకుంటారు.

గనిలోకి నిలువుగా దిగే షాఫ్ట్‌ను బావి అనడం తప్పేమీ కాదు. సింగరేణి ప్రాంతంలో ‘బొగ్గు బాయి’, ‘బాయి దిగడం’ నిత్యం వినిపించేవే. అయితే అక్కడ ‘బాయి’ అంటే మొత్తం గని కూడా. అందుకని మీ పత్రంలో ‘నిలువు బావి’ అని రాస్తే సందిగ్ధం ఉండదు. ‘ఆడిట్’ను మాత్రం తెలుగు లిపిలో ఒంటరిగా వదలకండి, లెక్కల తనిఖీ అనుకుంటారు. అది కొండవాలు నుంచి దాదాపు అడ్డంగా లోపలికి తవ్విన దారి. లోపలి నీరు తనంతట తానే బయటికి పారేలా దాన్ని కొద్దిపాటి వాలుతో తవ్వుతారు. ‘ప్రవేశ సొరంగం’ అంటే అందరికీ తెలుస్తుంది. హెడ్‌గేర్‌ను అలాగే ఉంచి, ‘బావి నోటిమీద గిరకలను మోసే కట్టడం’ అని ఒకసారి వివరిస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది గుట్టల దగ్గర. మూడు రకాల గుట్టల్నీ ‘వ్యర్థాలు’ అని ఒకే మాటతో సరిపెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చరిత్ర సగం వాటిలోనే ఉంటుంది. ఖనిజాన్ని చేరడానికి పగలగొట్టి బయట పోసిన గరుకు రాళ్లు ఒక రకం. వాటిని ‘తవ్విపోసిన రాతిగుట్ట’ అనండి. అవి తవ్వకం జరిగిందని మాత్రమే చెబుతాయి. ఖనిజాన్ని నూరి, లోహభాగం తీసుకున్నాక మిగిలిన మెత్తటి పొడి టెయిలింగ్స్. దీనికి స్థిరపడిన తెలుగు మాట లేదు కనుక ఆ మాటనే వాడి, పక్కన అర్థం ఇవ్వండి. నూరి శుద్ధి చేసే పని జరిగిందనడానికి అది గుర్తు. ఖనిజాన్ని కొలిమిలో కరిగించి లోహం తీశాక మిగిలే గట్టి మడ్డి స్లాగ్. దానికి పాఠ్యపుస్తకాల్లో ‘లోహమలం’, వాడుకలో ‘చిట్టెం’ ఉన్నాయి. చిట్టెం ఎక్కువగా ఇనుముకే వినిపిస్తుంది కాబట్టి ‘రాగి చిట్టెం’ అని లోహం పేరు చేర్చండి. చిట్టెం పెద్దమొత్తంలో కనిపిస్తే దగ్గర్లో కొలిమి ఉండేదన్నమాట. వట్టి ‘వ్యర్థాలు’ అని రాసి ఉన్న గుట్టను రోడ్డు పనికి తరలించేవాళ్లను ఏమని ఆపుతారు?

కొలిమి దగ్గర దొరికే పాత్రల పేర్లలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పూర్వం జింక్ తీసిన రాజస్థాన్‌లోని జావర్‌లో వాడిపారేసిన మట్టి పాత్రలు గుట్టలుగా ఉన్నాయి, ఇళ్ల గోడల్లోనూ కనిపిస్తాయి. వాటిని ‘మూసలు’ అంటే పొరపాటు. మూసలో లోహం కరుగుతుంది. జింక్ 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, ఖనిజం నుంచి విడివడే వేడికి ఆవిరైపోతుంది. అందుకే జావర్ పనివాళ్లు పాత్ర మూతిని కిందికి పెట్టి, ఆవిరిని గొట్టం గుండా కింది చల్లటి గదిలోకి దింపి ఘనీభవింపజేసేవారు. కాబట్టి ‘స్వేదన పాత్ర’ అనాలి. ‘మూస’ అని రాస్తే ఆ నేర్పు మొత్తం మరుగున పడుతుంది.

‘తవ్విన’, ‘కుంగిన’ అనే క్రియల్ని కూడా కలపకండి. స్వీడన్‌లోని ఫాలున్ రాగి గనిలో కనిపించే మహా గుంత 1687లో లోపలి ఖాళీలు కూలి ఏర్పడినది. దాన్ని ‘తవ్విన గుంత’ అంటే అబద్ధమవుతుంది. అలాగే ‘మూసివేసిన గని’ అంటే ఒక నిర్ణయం, ఒక తేదీ ఉండాలి. అవి తెలియకపోతే ‘వదిలేసిన గని’ అనండి.

పనిచేసినవాళ్లు చెప్పిన మాటల్ని దిద్దకండి. వాళ్లు పలికినట్టే ఒంటి కొటేషన్లలో రాసి, పక్కన అర్థం, చెప్పినవారు ఏ పని చేసేవారో చేర్చండి. ‘లోతు’ అన్నప్పుడు మాత్రం ఏ లోతో అడగాలి. వాలు దారిలో నడిచిన దూరాన్నీ చాలామంది లోతనే అంటారు. 45 డిగ్రీల వాలున 100 మీటర్లు దిగితే నిట్టనిలువు లోతు సుమారు 71 మీటర్లే. పత్రంలో ‘వాలు పొడవు’, ‘నిలువు లోతు’ అని రెండు గళ్లు పెట్టండి.