ద్వాదశాదిత్యుల్లో ఒకరు గైర్హాజరు

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం.

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. నీ దగ్గర ట్యూషన్‌కొచ్చే ఐదో తరగతి కుర్రాడు లెక్కల నోట్సు చివరి పేజీలో గీసిన బొమ్మ మీద నవ్వించడానికి నువ్వు రాసిన ‘గంభీర విమర్శ’ రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే అస్తిత్వ వేదన, శూన్యం, అధివాస్తవికత మూడూ దిగిపోయాయి. బొమ్మలో ఏముందో మాత్రం మూడో పేజీ దాకా చెప్పలేదు. విస్తరి ముందు కూర్చోబెట్టి గంటసేపు మంత్రాలు చదివినట్టుంది.

ఫోటో కూడా పంపావు కాబట్టి బతికిపోయాను. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున కొబ్బరిచెట్టు. మనమంతా గీసిందే. కానీ ఈ కుర్రాడిది పెదవాల్తేరు అంటున్నావు. వాడి సూర్యుడు రోజూ సముద్రంలోంచి లేస్తాడు కదా, ఈ కొండల మధ్య ఏం చేస్తున్నట్టు? కొంపదీసి ఇది సింహాచలం వైపు అస్తమయమా? మరి సూర్యుడి ముఖంలో ఆ నవ్వేమిటి? “చిత్రకారుడు బంగాళాఖాతాన్ని నిర్ద్వంద్వంగా తిరస్కరించాడు” అని మొదలుపెట్టు. కుడివైపు కొండకి కొస సాగింది. అది మన ఊరి డాల్ఫిన్ నోస్ కొండా, లేక రబ్బరు దొరక్క అలా ఉండిపోయిందా అని అరపేజీ చర్చించు. కిరణాలు లెక్కపెట్టావా? నేను పెట్టాను, పదకొండే. పన్నెండోది రావాల్సిన చోట 7×8=54 అని ఉంది. ద్వాదశాదిత్యుల్లో ఒకరు గైర్హాజరు! కళ్లెదుట ఇంత సరుకు పెట్టుకుని శూన్యం అంటావేమిటయ్యా.

ఇక రెండో సంగతి. 1964లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక విలేఖరి, జూలోని చింపాంజీ చేత రంగులు పూయించి, అవి పియెర్ బ్రాసో అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మలంటూ ప్రదర్శనలో పెట్టించాడు. ఒక విమర్శకుడు వాటిలో బ్యాలే నర్తకి సౌకుమార్యం కనిపించిందని రాశాడు. గుట్టు బయటపడ్డాక జనం నవ్వింది చింపాంజీని చూసి కాదు. నీ వ్యాసంలోనూ నవ్వులపాలు కావాల్సింది ఆ కళ్లద్దాల విమర్శకుడే, అంటే నువ్వే. “చేయి తిరగని గీతలు” అన్న వాక్యం ఒక్కటి పిల్లాడికి తగిలేలా ఉంది, తీసెయ్. కొత్తలో నేనూ మా మేనకోడలి వినాయకుడి మీద ఇలాంటిదే రాసి, ఇంట్లో అందరి ముందూ చదివాను. తెగ నవ్వారు. అది ఏమీ అనలేదు. ఆ బొమ్మని నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకెప్పుడూ బొమ్మ చూపించలేదు.

అన్నట్టు, మధ్యమధ్యలో “హహహ” ఎందుకు? నువ్వు నవ్వేస్తే మేమేం చెయ్యాలి?

తిరగరాసి ముందు ఆ కుర్రాడికి చదివి వినిపించు. నవ్వాడంటే ఆదివారం పట్టుకురా, టీ తాగుతూ చూద్దాం. ఫీజు తీసుకుంటున్నావు గనక, ఆ యాభై నాలుగు సంగతి కూడా కాస్త చూడు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య