మ్యాచ్‌కు కొద్ది నిమిషాల ముందు ఆటగాణ్ణి ఆపేయడం సబబేనా?

హనుమకొండలో కళాశాల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు, అంతకు రెండు రోజుల క్రితమే జ్వరం తగ్గిన మీ తమ్ముడికి వార్మప్‌లో గుండెదడ రాగా, కోచ్ చివరి నిమిషంలో ఆపేయడం అతి జాగ్రత్త కాదా అని అడిగారు. కాదు. కొన్ని వైరస్ జ్వరాల వల్ల గుండె కండరం వాచే అవకాశం ఉంటుంది. ఆ స్థితిలో తీవ్రంగా పరుగెత్తితే గుండె లయ తప్పి, ఆటగాడు ఉన్నట్టుండి కుప్పకూలవచ్చు. ముక్కు కారే మామూలు జలుబుతో తేలికగా ఆడవచ్చు గానీ జ్వరం, ఛాతీనొప్పి, దడ, ఆయాసం ఉంటే మైదానంలోకి దిగకూడదు. వానకాలంలో మన వరంగల్ వైపు కనిపించే డెంగీ అయితే చిక్కు వేరు: ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు గట్టిగా ఢీకొంటే లోపల రక్తస్రావం కావచ్చు.

1998 ప్రపంచకప్ ఫైనల్ రోజున అస్వస్థతకు గురైన బ్రెజిల్ ఆటగాడు రొనాల్డోను మొదట జాబితా నుంచి తప్పించి, ఆటకు కాస్త ముందు మళ్లీ చేర్చారు. ఆయన ఏమాత్రం రాణించలేదు, జట్టు 0-3తో ఓడింది. ఆ నిర్ణయం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

ఆట మొదలవక ముందే ఇలా మరొకరిని దింపితే, సాధారణంగా అది జట్టుకు అనుమతించిన సబ్‌స్టిట్యూషన్ల (ఆటగాళ్ల మార్పుల) లెక్కలోకి రాదు. ఇక మీ తమ్ముడికి ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష (గుండె కండరం దెబ్బతిన్నదేమో చూసేది), అవసరమైతే ఎకో (గుండె స్కానింగ్) చేయించి, వైద్యుడు సరేనన్నాకే బూట్లు తొడగనివ్వండి; గుండె వాపు నిర్ధారణ అయితే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆటకు దూరంగా ఉండమంటారు.