కడప ఇంటికి వైఫై కెమెరా: ఇక్కడినుంచి మోసుకుపోవద్దు

అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది. కడపలో అమ్మా నాయనా ఇద్దరే ఉంటారు, ఊరికి పోయేటప్పుడు ఇక్కడినుంచే వైర్‌లెస్ కెమెరా కొనుక్కుపోదామా అని. వద్దు. అక్కడే కొనండి, చెడిపోతే అంగడికి తీసుకుపోవడానికైనా వీలుంటుంది. పైగా ఇక్కడ అమ్మే కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో 1 నుంచి 11 దాకా ఛానెళ్ళనే వెతుకుతాయి. అక్కడి రూటరు 12లోనో 13లోనో ఉంటే, ఇంట్లో ఫోన్లకు వైఫై వస్తుంది గానీ కెమెరాకు దొరకదు. తీగకు తగిలించే వీడియో డోర్‌బెల్ అయితే మరీ దండగ. అది ఇక్కడి ఇళ్ళలోని 16-24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు చేసింది. మన కాలింగ్‌బెల్ తీగలో మామూలుగా ఉండేది 230.

బ్యాటరీ కెమెరా వీధి గేటుకు పనికిరాదు. పోయే ప్రతి ఆటోకూ నిద్రలేచి చార్జింగ్ తినేస్తుంది. లిథియం బ్యాటరీలు సాధారణంగా 45 డిగ్రీలు దాటితే చార్జ్ కావు. మే నెలలో పడమటి గోడకు ఆ వేడి ఒక లెక్క కాదు. కరెంటుతో నడిచేదే తీసుకోండి.

అందరూ బోల్తాపడేది ఇక్కడే. పగలంతా బాగున్న కెమెరా చీకటి పడగానే ఆగిపోయి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగుతుంది. కెమెరా చెడిపోయిందని మార్చేస్తారు, కొత్తదీ అదే పని చేస్తుంది. తప్పు కేబుల్‌ది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నటి పొడుగాటి యూఎస్‌బీ కేబుల్‌లో 5 వోల్టులు చివరిదాకా రావు. కేబుల్ 3 మీటర్లు దాటనీయకండి. దూరమైతే ఎలక్ట్రీషియన్‌తో సన్‌షేడ్ కిందికే ప్లగ్గు తెప్పించండి, లేదా 12 వోల్టుల కెమెరా కొనండి. ఆ ప్లగ్గూ, రూటరూ రెండూ ఇన్వర్టర్ లైన్‌లోనే ఉండాలి. చాలా ఇళ్ళలో ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టర్ మీద ఉంటాయి, రూటరు మాత్రం ఉండదు.

పాత మిద్దెల రాతిగోడలు వైఫైని మింగేస్తాయి. అందుకే గోడకు బెజ్జం వేయకముందే, కెమెరాను అదే చోట తాత్కాలికంగా కట్టి ఒక రాత్రంతా చూడండి. కెమెరా వైఫైకి కలవకపోతే రూటరులో 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు వేరువేరు పేర్లు పెట్టి, ఫోన్‌ను 2.4కు మార్చి మళ్ళీ ప్రయత్నించండి.

ఎత్తు 8-9 అడుగులు, చూపు కొంచెం కిందికి. బిట్ 6 మిల్లీమీటర్లది, స్క్రూలకు ప్లాస్టిక్ ప్లగ్గులు. కడప బండ మీద డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో పెడితే అంచు పగులుతుంది. తెల్ల సున్నం గోడ ఫ్రేములో పడితే రాత్రి కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగే తిరిగొచ్చి బొమ్మంతా పాలలాగా కనిపిస్తుంది. సాలెగూడు కూడా అంతే చేస్తుంది. నాయనను నిచ్చెన ఎక్కనీయకుండా, బూజుకర్రకు మెత్తటి గుడ్డ కట్టి దులపమనండి.

మెమరీ కార్డు హై ఎండ్యూరెన్స్ అని రాసినదే కావాలి, అంటే ఆగకుండా రికార్డు చేసినా తట్టుకునేది. సెకనుకు 1.5 మెగాబిట్లతో ఆగకుండా రికార్డయితే రోజుకు 16 జీబీ, అంటే 128 జీబీ కార్డుకు వారం.

కెమెరా యాప్‌లో ఖాతా మీ ఈమెయిల్‌తో తెరిచి, అమ్మావాళ్ళకు షేర్ చేయండి. టైమ్‌జోన్ ఇండియాదే పెట్టండి, లేకుంటే రేపు పోలీసులకు చూపే వీడియోలో గంటలు తప్పుతాయి. కడపలో రాత్రి 1 గంటంటే వేసవిలో డల్లాస్‌లో మధ్యాహ్నం 2:30, అలర్టులు మీరు మెలకువగా ఉన్నప్పుడే వస్తాయి. అయితే ఇక్కడినుంచి అత్యవసర నంబరు 112 నొక్కితే కడపకు పోదు. దగ్గరి స్టేషన్ ల్యాండ్‌లైన్‌ను ప్లస్ 91, 8562తో సేవ్ చేసుకోండి, మొదటి సున్నా వదిలేసి.

అమ్మా నాయనా ఆర్నెల్లు మీ దగ్గరికి వచ్చేముందు, ఊళ్ళో స్టేషన్‌లో తాళం వేసిన ఇళ్ళ మీద పోలీసు నిఘా, అంటే ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి అడగమనండి. ఇంటర్నెట్ రీచార్జ్ మీరే చేయండి. బయల్దేరేటప్పుడు అలవాటుకొద్దీ మెయిన్ ఆఫ్ చేస్తారు, ఆ రోజు ఫోన్ చేసి వద్దని చెప్పండి.