12 గంటల షిఫ్టుకి ప్రోటీన్ ఎక్కువ ఉండే డబ్బా ఏం కట్టుకోవాలి?

గోడౌన్‌లో 12 గంటల షిఫ్టు, మధ్యలో దొరికేది 20 నిమిషాలు, వేడి చేసుకోవడానికి ఓవెన్ లేదు, బయట తింటే కడుపూ జేబూ రెండూ దెబ్బతింటున్నాయి, ప్రోటీన్ ఉండేది ఏం పట్టుకెళ్ళాలి అని అడిగారు. నేను స్టాఫ్ నర్సుని. తొమ్మిదేళ్ళుగా ఐసీయూలోనే, నెలలో సగం రోజులు రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా డ్యూటీ. మీకు 20 నిమిషాలైనా ఉన్నాయి, మాకు ఒక్కోసారి అవీ ఉండవు.

మొదట్లో నేను చేసిన తప్పు ఏంటంటే, ఇంట్లో భోజనాన్నే తీసుకెళ్ళి క్యారియర్‌లో పెట్టడం. అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు. నాలుగు గిన్నెలు విప్పి, కలుపుకుని, తిని, చేయి కడుక్కుని వచ్చేసరికి అరగంట, ఈలోపు ఏదో ఒక మానిటర్ మోగుతుంది, సగం తిని మూత పెట్టేసి పరిగెత్తడమే. మూడు గంటలకి మళ్ళీ ఆకలి, టీ, బిస్కెట్లు. పైగా అంత అన్నం తిన్నా అందులో ఉండేదెంత? వండిన అన్నం 100 గ్రాములకి ప్రోటీన్ మూడు గ్రాములు కూడా దాటదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలు, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50. జిమ్ వాళ్ళు భయపెట్టినంత పెద్ద అంకేం కాదు. అందులో సగం డ్యూటీలో తినే తిండిలోంచి వస్తే మిగతాది ఇంట్లో ఎలాగూ వచ్చేస్తుంది.

అందుకే ఇప్పుడు పెద్ద క్యారియర్ మానేసి మూడు చిన్న డబ్బాలు తీసుకెళ్తున్నా. ఒక్కోటి నాలుగు నిమిషాల్లో అయిపోవాలి, ఒంటి చేత్తోనో స్పూన్‌తోనో తినగలగాలి, చల్లగా ఉన్నా గొంతు దిగాలి. ఈ మూడూ కుదరనిది ఎంత బలమైన తిండైనా డ్యూటీకి పనికిరాదు.

నాకు అన్నిటికంటే బాగా కుదిరింది గుడ్డు పెసరట్టు. పెసలు ఒక కప్పు, గుప్పెడు బియ్యం మధ్యాహ్నం నానబెట్టి, సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కొంచెం బరకగానే రుబ్బుతా. అట్టు హోటల్లోలా పల్చగా, కరకరలాడేలా పోయకండి, చల్లారాక అప్పడం ముక్కల్లా విరిగిపోతుంది. కాస్త మందంగా పోసి, పైన ఒక గుడ్డు కొట్టి గరిటెతో అట్టంతా పరిచి, మూత పెట్టి ఒక నిమిషం ఉంచి తిరగేయాలి. గుడ్డు ఆరిపోయాక కూడా అట్టుని మెత్తగా పట్టుకుని ఉంచుతుంది, అదే దీని కిటుకు. గుడ్డుకి 6 గ్రాములు, పెసల నుంచి ఇంకో 7, 8 గ్రాములు వేసుకోండి, రెండు అట్లు తింటే పాతిక దాటినట్టే. చుట్టేసి బటర్ పేపర్‌లో పెడితే నిలబడే తినేయొచ్చు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, వేడి మీద మూత పెడితే ఆవిరికి తడిసి ముద్దైపోతుంది. చట్నీల జోలికి పోకండి, ముఖ్యంగా కొబ్బరిది, అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే. పల్లీల పొడి చల్లుకుని చుట్టేయండి.

రెండో డబ్బాలో రోజుకో రకం. శాకాహారులైతే మీల్ మేకర్ వేపుడు పెట్టుకోండి, ఎండు మీల్ మేకర్ 50 గ్రాములకి సుమారు 25 గ్రాముల ప్రోటీన్, ఇంత చవకలో ఇంత ఇచ్చేది నాకు ఇంకోటి తెలీదు. చాలామంది వాసన నచ్చక వదిలేస్తారు గానీ, ఆ వాసన సరిగ్గా పిండకపోవడం వల్ల వచ్చేది. వేడి నీళ్ళలో ఉడికించి, గట్టిగా పిండి, మళ్ళీ చల్లటి నీళ్ళలో వేసి ఇంకోసారి పిండి, అప్పుడు అల్లం వెల్లుల్లి, కారం, కరివేపాకుతో నీరంతా పోయేదాకా వేపండి. మొదటి రోజే గిన్నెడు తినకండి, గ్యాస్ పడుతుంది. చికెన్ తినేవాళ్ళకి గొడవే లేదు, ఎముకలు లేని ముక్కల వేపుడు చేసుకోవడమే. ఎముకలుంటే మాత్రం ఆ 20 నిమిషాలూ వాటికే సరిపోతాయి. ఒక్కోసారి ఓపిక లేనప్పుడు రెండు ఉడికించిన గుడ్లు పెంకుతోనే పడేసుకుని వెళ్తా, విశ్రాంతి గదిలో అందరి ముందూ ఒలిస్తే ముక్కులు మూసుకుంటారు, అది మీ ఇష్టం.

మూడోది తెల్లవారుజామున నాలుగింటికి, అంటే నమలడానికి కూడా ఓపిక లేని వేళకి. పుట్నాల పప్పు వేయించిన జీలకర్రతో పొడి కొట్టి ఇంట్లో సీసాలో ఉంచుకుంటా, రెండు మూడు చెంచాలు మజ్జిగలో కలిపి ఉప్పు వేసుకుని తాగేయడమే. ఒకప్పటి మా రూమ్మేట్ బీహార్ అమ్మాయి, వాళ్ళు నీళ్ళలో కలుపుకుని తాగే సత్తు, అంటే వేయించిన శనగల పిండి, చూసి నేర్చుకున్నా. పొడి విడిగా తీసుకెళ్ళి తాగే ముందు కలుపుకోండి, ముందే కలిపితే గడ్డలు కట్టి అడుగున కూర్చుంటుంది.

మొలకల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ మీకు అదే చెప్తారు. ఒక ఏప్రిల్‌లో పెసర మొలకల్లో ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి సాయంత్రం ఐదింటికి డబ్బా కట్టాను. రాత్రి ఒంటిగంటన్నరకి తెరిస్తే వేలికి జిగటగా తగిలింది, కాస్త పులుపు వాసన. నిమ్మకాయదిలే అనుకుని తినేశాను. నాలుగింటికల్లా బాత్రూమ్‌లో ఉన్నా, నా రెండు బెడ్లూ పక్కమ్మాయి చూసుకుంది. అప్పటి నుంచి మొలకలు ఇంట్లోనే, ఉడికించే తింటున్నా. డ్యూటీకి కావాలంటే శనగల గుగ్గిళ్ళు నయం, పోపు పెట్టి పొడిపొడిగా చేసుకుంటే సరి.

అసలు వండిన ఏ తిండైనా రెండు గంటలకి మించి బయట ఉంచకూడదంటారు, బాగా వేడిగా ఉన్న రోజుల్లో అయితే గంటే. పనిచేసే చోట ఫ్రిజ్ ఉండదు కదా, కాబట్టి అరలీటరు నీళ్ళ సీసా ముందురోజే ఇంట్లో డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి డబ్బాల మధ్యలో పెట్టి చల్లదనం నిలిచే సంచిలో తీసుకెళ్ళండి. అర్ధరాత్రికి అది కరిగి తాగే నీళ్ళవుతాయి. గుడ్డు, చికెన్ ఉన్న డబ్బా మొదటి బ్రేక్‌లోనే ఖాళీ చేసేయండి, చివరికి ఉంచుకోకండి. వేయించిన పల్లీలు ఒక పొట్లం జేబులో ఉండనివ్వండి, 30 గ్రాములకి 7 గ్రాముల దాకా వస్తుంది, చెడిపోతుందన్న టెన్షన్ ఉండదు. సున్నుండలు, పల్లీ పట్టీ కూడా ప్రోటీనే అనుకుని పెట్టుకుంటారు కొందరు, నాకూ ఇష్టమే, కానీ సగం బెల్లమే కాబట్టి వాటిని మిఠాయి ఖాతాలోనే రాసుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్ని అడగండి.

ప్రోటీన్ పౌడర్ల గురించి కూడా అడిగారు. నేను ఒక డబ్బా కొన్నాను, వంటింట్లో పైఅరలో ఇంకా అలాగే ఉంది. ఆ డబ్బులకి ఎన్ని ట్రేల గుడ్లు వచ్చేవో మా ఆయన ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాడు.