హాస్టల్లో రూమ్మేట్స్ గంజాయి కొట్టమని రోజూ వెంటపడుతున్నారు, ఏం సాకు చెప్పి తప్పించుకోవాలి?

సాకు చెప్పకండి. చెప్పారంటే అయిపోయారు.

మాది విజయవాడ, కృష్ణలంక. బీటెక్ రెండో ఏడు ఆఖరి పరీక్ష రాసిన రోజు రాత్రి నలుగురం రెండు బళ్ళ మీద బ్యారేజీ దాటి సీతానగరం ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం, అవతల కొండ మీద దుర్గ గుడి లైట్లు, చల్లగాలి, నేనైతే కూల్‌డ్రింకులకే అనుకుని వెళ్ళా. మావోడొకడు జేబులోంచి పొట్లం తీసి, సిగరెట్‌లో పొగాకు దులిపేసి, సరుకు అరచేతిలో నలిపి మళ్ళీ కూరాడు. ఆ శ్రద్ధ ల్యాబ్‌లో ఉంటే నా రికార్డు చూసి రాసుకునేవాడు కాదు. తలా ఒక దమ్ము లాగి నా దాకా తెచ్చారు.

నాకు ఆయాసంరా అన్నా. ఆయాసానికి మంచిది మామా, ఆయుర్వేదం అన్నాడు. అమ్మ వాసన పసిగడుతుందన్నా, ఇంకోడు చూయింగ్ గమ్ తీశాడు, ముందే కొనుక్కొచ్చాడంట. పోలీసులన్నా. కేజీ లోపైతే కేసే ఉండదని మూడోవాడి లా పాయింటు (పచ్చి అబద్ధం, 1985 ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో గంజాయికి కేజీ దాకా చిన్న మొత్తం అంటారంతే, దానికీ ఏడాది దాకా జైలు పడొచ్చు, తాగినందుకే ఆరు నెలల దాకా ఉంది). నేను ఒక్కో కారణం చెప్పేకొద్దీ వాళ్ళకి హుషారు పెరుగుతోంది. ఆఖరికి విసుగొచ్చి "నాకిష్టం లేదెహె" అన్నా. దానికి మాత్రం ఎవడి దగ్గరా జవాబు లేదు. నీ ఖర్మ అని పక్కోడికిచ్చేశాడు, ఓ అరగంట పప్పుగాడన్నారు, అంతే.

అన్నట్టు ఆ చుట్టినోడే అంతకు నెల ముందు కాలేజీ ర్యాలీలో డ్రగ్స్ వద్దు అనే బ్యానర్ పట్టుకుని బెంజ్ సర్కిల్ దాకా నడిచాడు, అటెండెన్స్ ఇస్తామన్నారని. ఇప్పుడు ఈగల్ అని ఏపీ పోలీసుల్లో డ్రగ్స్‌ని పట్టుకునే టీమ్ వాళ్ళ 1972 ఫిర్యాదు నంబర్ బోర్డులు పెడుతున్నారు, మంచిదే, కానీ పక్కన కూర్చున్న ఫ్రెండ్ మీద ఎవడు ఫోన్ చేస్తాడండీ? సెమినార్లలో నో చెప్పండి అంటారు గానీ నో అన్నాక ఆ అరగంట ఎటు చూడాలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఒక్కడూ చెప్పడు. నేను రెండు బళ్ళ తాళాలూ లాక్కుని తిప్పుకుంటూ కూర్చున్నా. అదే పనికొచ్చింది, చేతికి పని ఉంటే సగం ఇబ్బంది పోద్ది.

మీది హాస్టల్ అంటున్నారు, అదీ రోజూ అంటే మాత్రం మాటలతో అవ్వదు, వార్డెన్‌కి ఏదో ఒకటి చెప్పి రూమ్ మారిపోండి. నాది ఒక్క రాత్రి కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి బండి నడిపే స్థితిలో ఉంది నేనొక్కణ్ణే. ఒక బండి అక్కడే వదిలేసి, ఒక్కొక్కణ్ణి వెనకాల కూర్చోబెట్టుకుని బ్యారేజీ మీద మూడు ట్రిప్పులేశా. బస్టాండ్ దగ్గర ఇడ్లీ బండి కనపడగానే ముగ్గురికీ ఎక్కడలేని ఆకలి, పద్దెనిమిది ఇడ్లీలు లాగించారు, డబ్బులు నేనే కట్టా. ఇంతవరకూ ఒక్కడూ ఇవ్వలా.