దూడ తోక ఒక్కటి కనిపిస్తే చాలు

నెల్లూరు, మూలాపేట
ఆదివారం

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు కోడెదూడ కథ అందాయి. రెండుసార్లు నాలో నేను చదువుకున్నాను. మూడోసారి మా మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పైకి చదివాను. దానికి ఐదేళ్లు. నాలుగో పేజీ దాకా చెవులు రిక్కించి విన్నది. ఆ తర్వాత నా చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుంది. కథ బాగాలేక కాదు. పలుపు తెంచుకున్న దూడ, దాన్ని వెతుక్కుంటూ కందుకూరు చేలల్లో తిరిగే అవ్వ, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, చెరువుకట్ట. మన చుట్టూ ఉన్న వీటితో ఒక బొమ్మల పుస్తకం రావాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నీ కథలో సుమారు 1100 మాటలున్నాయి. బొమ్మ వేసేవాళ్లకు అందులో ఎక్కడా చోటు లేదు.

ఆరో పేజీలో ఇలా రాశావు: "అవ్వ అటు తిరిగేసరికి తెల్లటి దూడ గడ్డివాము వెనక్కి పోయి నక్కింది. పాపం, అవ్వకు అది కనపడలేదు." ఈ రెండు వాక్యాల్లో ఉన్నదంతా బొమ్మ చెప్పేస్తుంది. వాము చాటు నుంచి తోక, దాని చివర నల్లటి కుచ్చు, అంత కనిపిస్తే చాలు. కింద "అవ్వ వాము దగ్గర చూసింది. లేదు." అని మాత్రం ఉండనీ. చదివి వినిపిస్తున్న తల్లి "లేదు" అంటుంది. ఒళ్లోని పిల్ల "ఉండాది! అదుగో తోక!" అని అరుస్తుంది. చదువు వచ్చిన అమ్మ కన్నా అక్షరం రాని తనకే ముందు తెలిసింది. ఆ సంబరం కోసమే పిల్లలు అదే పుస్తకాన్ని రేపూ ఎల్లుండీ తెచ్చి ఒళ్లో పడేస్తారు. బొమ్మల పుస్తకం ఒకేసారి ఇద్దరు చదివేది. ఒకరు అక్షరాలు చదువుతారు, ఇంకొకరు బొమ్మ చదువుతారు. ఆ రెండోవాళ్లకు మాత్రమే తెలిసేది ఏదో ఒకటి ప్రతి పేజీలో ఉండాలి. నేను ఇన్నేళ్లు పిల్లలకు రాసి నేర్చుకున్నది ప్రధానంగా ఇదే.

ప్యాట్ హచిన్స్ అనే ఇంగ్లండ్ రచయిత్రి 1968లో 'రోజీస్ వాక్' అని ఒక పుస్తకం చేసింది. బొమ్మలు కూడా ఆమెవే. కథంతా కలిపి ఒకే ఒక్క వాక్యం, 32 మాటలు. ఒక కోడిపెట్ట పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివాము మీదుగా నడిచి, తిండివేళకు గూటికి చేరుతుంది. మాటల్లో ఉన్నది అంతే. బొమ్మల్లో మాత్రం మొదటి నుంచీ ఒక నక్క దాని వెనకే వస్తుంటుంది. దూకబోయిన ప్రతిసారీ దెబ్బ తింటుంది. ఆ పుస్తకంలో నక్క అన్న మాటే లేదు. కావలి దగ్గర ఒక చిన్న బడిలో దాన్ని తెలుగులో చెప్తూ బొమ్మలు చూపించాను. రెండో పేజీకే పిల్లలు బెంచీల మీదకెక్కి "నక్క సార్, నక్క!" అని కేకలు. నేను ఏమీ ఎరగనట్టు కోడి సంగతే చదువుకుంటూ పోయాను. అంతా అయ్యాక ఒక పిల్లాడు నా దగ్గరికొచ్చి, చాలా దయగా, "సార్, మీరు నక్కను చూసుకోలేదు" అన్నాడు. ఆ క్లాసులో ఎవరితోనూ మాట్లాడని పిల్లాడట వాడు. తర్వాత వాళ్ల టీచర్ చెప్పింది.

నా మొదటి పుస్తకంలో నేను చేసిన తప్పే నువ్వూ చేస్తున్నావు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. "నీలం పరికిణీ కట్టుకుని, ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని, చేతిలో ఇత్తడి చెంబుతో" అని రాశాను. బొమ్మలేసిన ఆయన నీలం పరికిణీ, ఎర్ర రిబ్బన్లు, ఇత్తడి చెంబు గీశాడు. ఆయన చేయగలిగింది ఇంకేముంది? మాట చెప్పిందే బొమ్మ చెప్పింది. పిల్లలు ఒకసారి విని పక్కన పెట్టేశారు. మర్యాదగా విన్నారు. అది ఇంకా బాధ పెట్టింది.

బొమ్మకు ఎంత బలం ఉందో నిజానికి నాకు చిన్నప్పుడే తెలుసు. రాయడం మొదలుపెట్టాక మర్చిపోయాను. మా అవ్వకు చదువు రాదు. 'చందమామ' వస్తే ముందు తనే తీసుకునేది. భుజాన శవాన్ని వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుడు, వెనక చెట్లు, పుర్రెలు, శంకర్ గారి గీత. ఆ బొమ్మ మీద వేలు పెట్టి ఏదో ఒక కథ అల్లేది. కుమ్మరి వీధిలో దొంగ, పెన్న ఒడ్డున దయ్యం, అన్నీ అందులోకి వచ్చేవి. నాకు చదవడం వచ్చాక చూస్తే లోపల ఉన్న కథ వేరు. అయినా నాకు అవ్వ చెప్పిందే అసలు కథ అనిపించేది. మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దక ముందే నేను బొమ్మ చదవడం నేర్చుకున్నాను, అదీ చదువు రాని మనిషి దగ్గర.

'చందమామ' మొదలైన 1947లోనే అమెరికాలో 'గుడ్‌నైట్ మూన్' వచ్చింది. మార్గరెట్ వైజ్ బ్రౌన్ మాటలు, క్లెమెంట్ హర్డ్ బొమ్మలు. ఒక కుందేలు పిల్ల నిద్రపోయే ముందు గదిలో కనిపించిన ప్రతి వస్తువుకూ గుడ్‌నైట్ చెబుతుంది. కథ అనదగ్గది ఏమీ లేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దాన్ని 1972 దాకా అరల్లోకి రానివ్వలేదు. పిల్లలూ తల్లిదండ్రులూ మాత్రం వదల్లేదు. బొమ్మలు జాగ్రత్తగా చూస్తే ఎందుకో తెలుస్తుంది. పేజీ తిప్పేకొద్దీ గది కొంచెం కొంచెంగా చీకటి పడుతుంది. గడియారం ఏడింటి నుంచి ఎనిమిదీ పది దాకా నడుస్తుంది. ఒక చిట్టెలుక గదిలో ఒక్కోసారి ఒక్కోచోట ఉంటుంది. ఈ మార్పులేవీ మాటల్లో లేవు. మా మనవరాలు రోజూ ముందు ఎలుకను పట్టుకున్నాకే నన్ను చదవనిస్తుంది. రోజంతా పనిచేసి అలసిపోయిన తల్లి కూడా విసుగు లేకుండా చదవగలగాలి కదా, ఆ మాటల లయ అలాంటిది. ఇది గుర్తుపెట్టుకో. నీ పుస్తకాన్ని వందసార్లు పైకి చదవాల్సింది పెద్దవాళ్లు. నాలుక తిరగని వాక్యం ఉంటే రెండో రోజే దాన్ని దాటేస్తారు.

ఇక పేజీ తిప్పడం గురించి. పెద్ద షీటుకు రెండు వైపులా అచ్చేసి మడతపెడితే 16 పేజీలొస్తాయి, అలాంటివి రెండైతే 32. అందుకే చాలా బొమ్మల పుస్తకాలు 32 పేజీలు ఉంటాయి, మన దగ్గర 24, 16 కూడా వేస్తారు. పేరు, ప్రచురణ వివరాల పేజీలు పోతే నీకు మిగిలేవి ఎదురెదురు పేజీల జతలు ఓ పన్నెండు, పద్నాలుగు. కథను ఆ జతలుగా ఆలోచించాలి. కుడి పేజీలో అవ్వ బ్యారన్ తలుపు మీద చెయ్యి వేసింది. లోపల ఏముందో తిప్పితేనే తెలియాలి. నువ్వు తలుపు తీయడం, లోపల చూడడం, ఏమీ లేదని తెలియడం ఒకే పేరాలో రాసేశావు. పిల్ల చెయ్యి చేయాల్సిన పని నువ్వు చేసేశావు.

ఈ విద్యలో నాకు తెలిసిన గొప్పవాడు మారిస్ సెండక్. 1963లో వచ్చిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' ఎక్కడైనా దొరికితే కథ పక్కన పెట్టి బొమ్మల కొలత మాత్రం చూడు. అల్లరి చేసి, అన్నం లేకుండా గదిలోకి పంపించేసిన పిల్లాడు. మొదట్లో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్లటి ఖాళీ. వాడి గది అడవిగా మారేకొద్దీ బొమ్మ పెరుగుతుంది. రాక్షసుల మధ్య వాడు చిందులేసేటప్పుడు వరసగా మూడు జతల పేజీల్లో అక్షరమే ఉండదు. తిరిగి గదికొస్తే రాత్రి భోజనం పెట్టి ఉంటుంది. ఆఖరి పేజీలో బొమ్మ లేదు. అది ఇంకా వేడిగానే ఉంది అన్న మాట ఒక్కటే ఉంటుంది. తల్లి పుస్తకం మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించదు. క్షమించాను అని ఎవరూ అనరు. ఆ వేడి చాలు.

అది చదివాక నీ చివరి పేజీ మళ్లీ చూడు. "అందుకే పిల్లలూ, పెద్దల మాట వినాలి" అని పెట్టావు. తీసెయ్. పెద్దవాళ్లు కొనాలంటే నీతి ఉండాలి కదా సార్ అని అడిగావు. నీతి కోసం కొన్న పుస్తకం బీరువాలో ఉంటుంది. పిల్లలు అడిగి చదివించుకున్న పుస్తకం అట్ట చిరిగి, టేపు వేయించుకుని, తమ్ముడికి దక్కుతుంది. నేనైతే ఇలా ముగిస్తాను: "అవ్వ మళ్లీ పలుపు కట్టింది." బొమ్మలో ముడి కాస్త వదులుగా ఉంటుంది. అవ్వ మొహం నువ్వు రాయకు, ఆర్టిస్టుకు వదిలెయ్.

ఆర్టిస్టు మాట వచ్చింది కాబట్టి. ఎవరు వేస్తారో పబ్లిషరే చూస్తారు, చాలాసార్లు ఆ మనిషి మన ప్రాంతం చూసి ఉండరు. దూడ అనగానే లేత గోధుమరంగు జెర్సీ దూడను వేసే ప్రమాదం ఉంది. తల్లి ఆవుకు ఒంగోలు జాతి మూపురం, పొట్టి కొమ్ములు, మడతలు మడతలుగా వేలాడే గంగడోలు ఉండాలి. ఇవన్నీ కథలో కుక్కకు. విడిగా ఫోటోలు తీసి పంపు. దొడ్డి, గాడి, బ్యారన్ లోపల కర్రలు, అవ్వ చీర కట్టు, అన్నీ పంపు. వివరం ఫోటోలో ఉంటే కథకు బరువు తగ్గుతుంది.

మన యాసలో రాయవచ్చా అని కూడా అడిగావు. కథ చెప్పే గొంతు అందరికీ తెలిసిన తెలుగులో ఉంటే శ్రీకాకుళంలో తల్లి కూడా తడబడకుండా చదువుతుంది. అవ్వ నోట్లో మాత్రం "యాడికి పోయినావురా అబ్బయా" అని ఉండాల్సిందే. ఆ ఒక్క మాటను ప్రతి జతలో అవ్వ చేత అనిపించు. మూడో పేజీకి పిల్లలే అందుకుంటారు.

అమెరికా బొమ్మల పుస్తకాల రచయిత ఎరిక్ కార్ల్ సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. పంచింగ్ మెషీన్‌తో కాగితాల కట్టకు చిల్లు వేస్తూ, ఇది పురుగు తిన్నట్టుందే అనుకున్నాడట. 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' అలా పుట్టింది. గొంగళిపురుగు తిన్న ప్రతి పండులో నిజంగానే చిల్లు ఉంటుంది. సైజు తేడా పేజీలు, చిల్లులు తక్కువ ఖర్చులో చేయగల ప్రెస్సు అమెరికాలో దొరక్క జపాన్‌లో అచ్చు వేయించారు. 1969లో వచ్చిన ఆ పుస్తకం చిల్లుల్లో మా మనవరాలు ఈ రోజుకీ చూపుడువేలు దూర్చి పురుగులా ఆడిస్తుంది. అందులో ఉన్న పండ్లు కొన్ని అది ఎప్పుడూ తినలేదు. అయినా దానికేం అడ్డం రాలేదు. నీ దూడ పుస్తకంలో చిల్లులు పెట్టమని కాదు. పుస్తకం చేత్తో పట్టుకునే వస్తువు అని గుర్తుంచుకుని రాయి.

చూడాల్సినవి దగ్గరలోనే దొరుకుతాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం, తూలిక వాళ్ల తెలుగు పుస్తకాలు, హైదరాబాద్ మంచి పుస్తకం వాళ్లు వేసినవి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బోలెడన్ని తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఫోన్లోనే చదవొచ్చు. అన్నీ బాగుంటాయని కాదు. బాగాలేనివి కూడా చూడు, మాట ఎక్కడ బొమ్మ దారికి అడ్డం పడిందో పట్టుకో.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. ఎ4 కాగితాలు ఎనిమిది తీసుకుని సగానికి మడిచి మధ్యలో దారంతో కుట్టు. 32 పేజీల ఖాళీ పుస్తకం వస్తుంది. నీ కథను 300 మాటలకు తగ్గించి ఆ పేజీల్లో పెన్సిల్‌తో రాయి. బొమ్మలు రావు నాకు అన్నావు, ఫర్వాలేదు, అవ్వకు ఒక గీత, దూడకు ఒక సున్నా, తోక మాత్రం సరిగ్గా వెయ్యి. మీ బడిలో రెండో తరగతి పిల్లలకు చూపిస్తూ చదువు. ఎవరు ఎక్కడ కిటికీ వైపు చూశారో ఆ పేజీ మూల మడిచిపెట్టు. 'పీటర్ రాబిట్' అనే కుందేలు కథ మొదట ఇంగ్లండ్ రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1893లో జబ్బు పడ్డ ఐదేళ్ల పిల్లాడికి బొమ్మలేసి రాసిన ఉత్తరం. తర్వాత పబ్లిషర్లు కాదంటే 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు వేసుకుంది. నువ్వూ ఇప్పుడు పబ్లిషర్ గురించి టెన్షన్ పడకు. నీ క్లాసులో ఒక్క పిల్లను దృష్టిలో పెట్టుకో.

మూలలు మడిచిన ఆ పుస్తకం తీసుకుని వచ్చే ఆదివారం రా. పొద్దున్నే కందుకూరులో బస్సెక్కితే ఎండ ముదరక ముందే ఇల్లు చేరతావు, మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. ముందు నాకు ఇవ్వకు. మనవరాలు ఇంట్లోనే ఉంటుంది, దానికి చదువు. నేను పక్కన కూర్చుని దాని చెయ్యి ఎక్కడుందో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు